త్రోవలో బస యెక్కడ?

సెలవులు వచ్చినవనగా ఇంటింట నొక ప్రశ్న పుట్టును: ఎక్కడికి పోదము? పురుషులు దీనికి జవాబును త్వరగనే తేల్చుదురు. చేతియందలి ఫోనులో పటము విప్పి, ఈ యూరినుండి ఆ యూరికి ఇన్ని కిలోమీటరులని కూడి, మూడుదినములలో ఏడు చోట్లు చూచివత్తమని చెప్పుదురు. రాత్రి ఎక్కడ పరుండవలెను, పసిబిడ్డకు పాలెక్కడ కాచవలెను, ముసలియత్తగారు తెల్లవారుజామున చీకటిలో ఎక్కడికి పోవలెను అను ప్రశ్నలు మాత్రము కారు సగము దారి గడచిన పిదపగాని తోచవు. తోచినప్పుడు వానికి జవాబు చెప్పవలసినది గృహిణియే. కావున ఈ నెల మేము చూడదగిన చోట్లనుగూర్చి కాక దిగదగిన చోట్లనుగూర్చి వ్రాయదలచితిమి.

కదిరి సీమలోని సోదరీమణులకు ఈ విషయము మఱింత అవసరమని మా తలంపు. 2022 లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన కదిరినుండి కారులో బయలుదేరినచో మూడు దిక్కులను ముచ్చటైన దారులే కలవు. ఒకటి గాండ్లపెంట, తిమ్మమ్మ మఱ్ఱిమాను మీదుగా పోయి, పిదప మదనపల్లె చేరి, హార్స్లీకొండ నెక్కుదారి. రెండవది పుట్టపర్తి, పెనుకొండ, లేపాక్షి దారి. మూడవది పులివెందుల, జమ్మలమడుగు మీదుగా గండికోటకును, అటుపై బేలుం గుహలకును పోవుదారి. అన్నింటను గుట్టలు, బండలు, వేరుసెనగ చేలు, అక్కడక్కడ చెఱువుగట్లు. చూపునకు ఇంపుగనే యుండును. కాని ఇది ఏటికి సుమారు 550 మిల్లీమీటరుల వాన మాత్రమే కురియు సీమ. పచ్చని దేశములలో చెట్టు కనబడినచోట దిగవచ్చును; ఇక్కడ నీరు కనబడినచోట దిగవలెను. ఈ ఒక్క భేదమును మఱచి చేసిన ప్రయాణము సుఖముగా ముగియదు.

మన పెద్దలకు ఈ సంగతి బాగుగ తెలియును. తిరునాళ్లకు గూడుబండ్లు కట్టుకొని పోవునప్పుడు వారు ముందుగ అడుగునది ఊరిపేరు కాదు, బావి. బావియు, తోపును, ఎద్దులకు గడ్డియు నున్నచోటనే బండ్లు విప్పెడివారు. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రమున మజిలీ మజిలీకి ఏమి వ్రాసిరో చూచినచో మనకు ఆశ్చర్యము గలుగును. దేవాలయముల మహిమతోపాటు ఈ యూర దిగుటకు స్థలమున్నదా, నీరు మంచిదా, అంగళ్లలో సామాను దొరకునా అను సంగతులను ఆయన విసుగులేక చెప్పుచు పోయిరి. అది వ్రాసినది పురుషుడైనను, వంటయింటి ప్రశ్నలనే ఆయన అడిగెను.

ఆ ప్రశ్నల నడుగనిచో ఏమగునో తెలుపుటకు మన సీమలోనే ఒక గుఱుతున్నది. దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగానుండి, ఇక్కడ పెక్కుకాలము గుడారములలోనే గడపిన థామస్ మన్రో దొర, గవర్నరైన పిదప 1827 జూలై 6 వ తేదీన పత్తికొండవద్ద దారిలోనే కలరావాతబడి చనిపోయెను. డేరాలకు, నౌకరులకు, కావలివారికి ఆయనకు కొదువలేదు. కలరా నీటివెంట వచ్చు జబ్బు అని అప్పటికి ఎవరికిని తెలియదు. ఆయన జ్ఞాపకార్థము అక్కడ నాటించినది తోపు, కట్టించినది మెట్లబావి. బాటసారికి ఇంతకంటె తగిన స్మారకచిహ్నము మాకు తోచదు.

ఇప్పుడు కలరా భయము తగ్గినది గాని నీటి భయము పోలేదు. అనంతపురము ప్రాంతమున పలుచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు అధికముగనున్నది. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టుటయు, ఎముకలు వంగుటయు మనము చూచుచునే యున్నాము. ఈ కారణముననే 1995 లో సత్యసాయి తాగునీటి పథకము మొదలై, వందలాది పల్లెలకు నీరు చేరినది. రెండుదినములు త్రాగినంతమాత్రమున ఎవరి పండ్లును గారపట్టవు, అందుకై బెదరవలదు. కాని పసిబిడ్డల పాలలో కలుపు నీటినిగూర్చి మాత్రము జాగ్రత్త పడుడు. చాలమంది తల్లులు కాచి చల్లార్చిన నీరైనచో సర్వదోషములును పోవునని తలంతురు. కాచినందున క్రిములు చచ్చును. ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కబడును. కావున త్రాగునీటిని బయలుదేరినచోటనే మంచినీటి యంత్రమువద్ద పట్టించుకొనుడు. మనిషికి దినమునకు నాలుగు లీటరుల లెక్కను క్యానులలో పోసి వెంటతీసికొనిపోవుట మేలు. స్నానమునకు, గిన్నెలు కడుగుటకు మాత్రము బసయందలి నీరు చాలును. అది ఎన్నిగంటలకు వచ్చునో, ఎన్నిగంటలకు నిలిచిపోవునో గది కుదుర్చుకొనునప్పుడే ఫోనులో అడుగుడు. ‘ఇరువదినాలుగు గంటలును వచ్చునమ్మా’ అని చెప్పువారిని మఱియొకసారి అడుగుడు.

అమెరికాలోనున్న బిడ్డలవద్దకు పోయివచ్చిన సోదరీమణులు అక్కడి ఇల్లుబండ్లనుగూర్చి మురిసి చెప్పుదురు. మంచము, పొయ్యి, మరుగుదొడ్డి అన్నియు లోపలనే గల పెద్ద బండి. దానిని వారు ఆర్.వి. అందురు. ఆ బండ్లు దిగుటకు ప్రత్యేకముగ స్థలములు కలవు. ఒక్కొక్క బండికి చదునైన గచ్చునేల, విద్యుత్తు తగిలించుకొను పెట్టె, నీటి కొళాయి, మురుగు పోవు గొట్టము ఏర్పఱచి, రాత్రికింతయని అద్దె పుచ్చుకొందురు. పేరొందిన వనములలో ఈ స్థలములకై నెలల ముందే పేరు వ్రాయించుకొనవలెను. మనదేశమునను 2021 లో కేరళ ప్రభుత్వమువారు ఇట్టి బండ్లను, అవి నిలుచు స్థలములను ప్రోత్సహింపసాగిరి. మన సీమలో మాత్రము నీరు, విద్యుత్తు, మురుగుదారి మూడును గల స్థలము వెదకి దొరకించుకొనుట సులభము కాదు. అట్టి బండిని అద్దెకు తెచ్చుకొన దలచినవారు రాత్రికి ఏదేని వసతిగృహపు ఆవరణమున నిలుపుకొనుటకు ముందుగ అనుమతి కుదుర్చుకొనవలెను. బాటప్రక్కన, లారీలు నిలుచు చోట్ల నిలుపుకొని నిద్రించుట ఆడువారున్న కుటుంబమునకు తగదు. హార్స్లీకొండ మలుపులలో పెద్దబండి త్రిప్పుటయు అందఱికి చేతనైన పని కాదు.

అసలు ఇల్లుబండి మనస్సున కింపగునప్పుడు ఒక్క మాట నాలోచింపుడు. పొయ్యి వెంటవచ్చిన విహారములో వంటచేయువారెవరు? డేరా వేసికొని ఆరుబయట వండుకొని తినుట ఎంతో సరదాయని చెప్పువారు తఱచు వండనివారే. మేము దీనిని నవ్వులాటకు వ్రాయుటలేదు. ఏడాదికొక్కసారి దొరకిన మూడుదినములును నూనెడబ్బా, బియ్యపుసంచి, అంట్లగిన్నెలతో గడచినచో ఆ తల్లికి దక్కిన విశ్రాంతి యేమి? ఒకపూటకు సద్దిమూట కట్టుడు. ఓళిగలు, బొరుగులు, వేయించిన శెనక్కాయలు, చింతపండు పులిహోర చెడక నిలుచును. రెండవపూట దారిలో శుభ్రమైన పూటకూటియింట సంగటియో, అన్నమో తినుడు. బస నెన్నునప్పుడు అక్కడ భోజనము దొరకునా అనుదానిని కొండదృశ్యముకంటె పైన పెట్టుడు.

ఇక ఒక్కొక్క దారిని చూతము.

తూర్పుదారిన తిమ్మమ్మ మఱ్ఱిమాను కదిరికి సుమారు 25 కిలోమీటరుల దూరమున గూటిబయలు గ్రామమువద్ద నున్నది. వేయికి పైగా ఊడలు దిగి, సుమారు ఐదెకరముల నేలను కప్పిన ఆ మాను 1989 లో గిన్నిస్ గ్రంథమునకెక్కినది. తిమ్మమ్మ 1433 లో భర్తతో సహగమనము చేసిన చోట చితిగుంజ చిగిర్చి మానైనదని అక్కడివారు చెప్పుదురు. సహగమనమును మేము మెచ్చము. ఆ చెట్టునీడను మెచ్చకుండలేము. అయినను అది దినమున కూర్చుండదగిన చోటేగాని రాత్రి పరుండదగినది కాదు. ఊడలమధ్య మంట పెట్టరాదు, పిల్లలను ఊడలకు వ్రేలాడనీయరాదు. ఉదయమున కదిరిలో బయలుదేరి, సద్ది అక్కడ తిని, మధ్యాహ్నము ముందుకు సాగుడు. ఆ దిక్కుననే గాండ్లపెంట మండలమున కటారుపల్లెలో వేమన సమాధి యున్నది. అదియు ఒక గడియ ఆగదగినది. నంబులపూలకుంట వైపున మైళ్లకొలది పఱచిన సూర్యవిద్యుత్తు పలకలు కనబడును. వానలేని సీమకు ఎండయే పంటయైన విధమును పిల్లలకు చూపుడు.

హార్స్లీకొండ సముద్రమట్టమునకు సుమారు 1265 మీటరుల యెత్తున నున్నది. దాని పాతపేరు ఏనుగు మల్లమ్మకొండ. కడప కలెక్టరుగానుండిన హార్స్లీ దొర 1870 ప్రాంతమున వేసవికై అక్కడ ఇల్లు కట్టుకొన్నందున ఈ పేరు వచ్చినది. క్రింద వేసవి మండుచున్నప్పుడు పైన సుఖముగనుండును. ఆ సుఖమునకే జనము మూగుదురు గనుక ఏప్రిల్, మే నెలలలో శని, ఆదివారములు మానుకొనుడు. పర్యాటకశాఖవారి వసతిగృహము కొండమీదనే కలదు. పైన గది దొరకనిచో మదనపల్లెలో దిగి, ఉదయమున కొండకు పోయి సాయంకాలమునకు మరలవచ్చుట మేలు. దూరము సుమారు 30 కిలోమీటరులే. చీకటిపడిన పిదప, గది దొరకునో లేదో తెలియక, పిల్లలతో కొండయెక్కుట మాత్రము మేము ఒప్పుకొనము. చలికాలమున పోవువారు కంబళ్లు మఱువరాదు. బసలో ఇచ్చు ఒక్క దుప్పటి ముసలివారికి చాలదు.

లేపాక్షిదారిన బస కుదుర్చుకొనుట మూటిలో సులభము. పుట్టపర్తిలో యాత్రికులకు తగిన వసతులు విస్తారముగనున్నవి, హిందూపురము పెద్దయూరు, లేపాక్షిలోనే పర్యాటకశాఖవారి గృహము కలదు. వీరభద్రాలయమును, వ్రేలాడుస్తంభమును, ఏకశిలా నందిని చూచుటకు ఒక పూట చాలును. ముసలివారున్న కుటుంబములు మొదట ఈ దారినే పట్టవలెనని మా యభిప్రాయము. పెనుకొండ కోట ఎక్కదలచినవారు తెల్లవారుజామున ఎక్కుడు. పదిగంటల యెండకు ఆ బండలు పెనమువలె కాగును.

గండికోట సంగతి వేఱు. పెన్న కొండను చీల్చుకొని పాఱుచోట సుమారు 300 అడుగుల లోతున నీరు మెఱయుచుండ, అంచున నిలిచి సూర్యోదయము చూచుట ఎవరికైనను కోరికయే. దానికై అక్కడ గుడారములు అద్దెకిచ్చువారు బయలుదేరిరి. యువకులు పోయి వచ్చి మెచ్చుకొనుచున్నారు. కుటుంబముతో పోవువారు మాత్రము డబ్బిచ్చుటకు ముందు వెలుతురుండగనే స్థలమును స్వయముగ చూడవలెను. అంచునుండి డేరా ఎంత దూరము? మన లెక్కకు నూఱడుగులకంటె తక్కువ పనికిరాదు. నిద్రకన్నులతో లేచిన పిల్లవాడు ఎటు నడచునో ఎవరు చెప్పగలరు? మరుగుదొడ్డి ఎక్కడ, దానికి గడియ యున్నదా, దారిపొడుగున దీపమున్నదా? ప్రక్కడేరాలో దిగువారెవరు, కుటుంబములవారా, త్రాగి పాడువారా? ఇవి అడుగుటకు సిగ్గుపడవలదు. జవాబులు తృప్తిగ లేనిచో పర్యాటకశాఖవారి గృహమందో, జమ్మలమడుగులోనో గది తీసికొని, తెల్లవారుజామున బయలుదేరినను సూర్యోదయము దొరకును. జమ్మలమడుగునుండి కోట సుమారు 15 కిలోమీటరులే.

డేరాలో నిద్రించువారికి రెండు హెచ్చరికలు. చలిగానున్నదని బొగ్గుకుంపటిని డేరాలోనికి తేవలదు. దానినుండి వెలువడు వాయువునకు వాసనయు లేదు, పొగయు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఇంజను ఆడించుచు, అద్దములు మూసి, కారులో నిద్రించుటయు అట్టిదే. ఇక రక్తపింజరి, తేలు మన చేలకును బండలకును కొత్తవి కావు. రాత్రి దీపములేక అడుగు వేయవలదు, ఉదయమున చెప్పులు దులిపి తొడుగుడు. పాము కఱచినచో గాటు కోయుట, బిగించి కట్టుట, నోటితో పీల్చుట చేయరాదు. ఆ అవయవమును కదలనీయక, 108 కు ఫోను చేసి, విషమునకు మందుగల ఆసుపత్రికి చేర్చవలెను. అందుచేతనే బస నెన్నునప్పుడు పెద్ద ఆసుపత్రి ఏయూర నున్నదో, ఫోను పలుకునో లేదో విచారించుకొనుమని మేము చెప్పుట.

వంకలనుగూర్చి చెప్పక ఈ విషయము ముగింపలేము. మన సీమలో ఏళ్లు సంవత్సరమున పెక్కుదినములు ఇసుకమేటలుగనే యుండును. ఆ ఇసుక మెత్తగ, చల్లగ, చదునుగ నుండును. డేరా వేయుటకు ఇంతకంటె మంచిచోటు లేదని తోచును. పైనెక్కడనో కురిసిన వానకు, ఇక్కడ ఒక్క చినుకైన పడకుండగనే, వంక దొరలివచ్చును. 2021 నవంబరు 19 న చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలపు వెల్దుర్తివద్ద చిక్కుకొన్న పదిమందిని వాయుసేనవారి హెలికాప్టరు వచ్చి కాపాడవలసివచ్చెను. కఱవుసీమలో వరదయా అని నవ్వువారికి ఈ ఒక్కటి చాలును. ఇసుకలో ఆడుకొనుడు, సద్ది తినుడు, రాత్రికి మాత్రము గట్టెక్కుడు. వంతెనమీద నీరు పాఱుచున్నప్పుడు, ఎదుటివారి బండి దాటినను, మీ బండిని దాటనీయవలదు.

కాలము విషయమున మా సలహా చిన్నది. కార్తికమునుండి మాఘమువఱకు బయలుదేరుట మేలు. ఫాల్గుణమున కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవములు. రథోత్సవమునాడు ఊరిలో కాలుపెట్ట సందుండదు. ఆ దినములలో బయటిదేశపు బంధువులు వత్తుమన్నచో, వారికి బస మీ యింటనే అని తెలిసికొని, చాపలు, దిండ్లు సిద్ధము చేసికొనుడు. ఉత్సవము లేనప్పుడు వచ్చువారికి కదిరియే మంచి మజిలీ. రెండు రాత్రులు ఒక్కచోటనే దిగి, మూటలు విప్పి, అక్కడినుండి దినమున కొక దిక్కు పోయి చీకటిపడకముందే తిరిగివచ్చుట, దినమున కొక యూర దిగి మూటలు కట్టుచు విప్పుచుండుటకంటె ఎంతో సుఖము. చిన్నబిడ్డలున్నప్పుడు దినమునకు నూఱు కిలోమీటరులు మించనీయవలదు. ఏడుచోట్లు చూడవలెనను వారితో మీరు వాదించుటకు ఈ పుటను చూపుడు.

గది కుదుర్చుకొనునప్పుడు అద్దె ఎంత, ఏ గంటకు ఖాళీ చేయవలెను, అదనపు పఱుపునకు ఎంత, వాహనచోదకునికి పరుండు చోటున్నదా అనునవి ముందుగనే వ్రాతమూలముగ తెప్పించుకొనుడు. ఫోనులో వచ్చు సందేశమైనను చాలును. చోదకునికి నిద్ర లేనిచో మఱునాడు మీకు క్షేమము లేదు. ప్రభుత్వ వసతిగృహముల నిర్వహణము అప్పుడప్పుడు చేతులు మాఱుచుండును గాన, పోయినసారి బాగుండినదను మాటనే నమ్మక, ఇప్పుడెట్లున్నదో విచారింపుడు.

మీ యూరిదాపున మంచినీరును, గడియగల మరుగుదొడ్డియు, కుటుంబములకు తగిన పరిసరములును గల సత్రముగాని వసతిగృహముగాని యున్నచో, మీరు స్వయముగ ఒక రాత్రియైన దిగియున్నచో, దానిని గూర్చి మాకు వ్రాయుడు. రాయచోటి దారిని, ధర్మవరము దారిని తగిన బసలను మేమింకను విచారించుచున్నాము.